ఎర్రచెవి తాబేలు: షేర్ చేసే ముందు ఇది చదవండి

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అక్వేరియం షాపులో అమ్మే పచ్చ తాబేలు పిల్ల, అదే ఎర్రచెవి తాబేలు పిల్ల, ఎప్పటికీ అంతే ఉంటుందట. గాజు గిన్నెలో నీళ్లు పోస్తే చాలట. పెంచలేకపోతే కోనేట్లో వదిలేయొచ్చట, పుణ్యమట, ఎలాగూ గద్దలు తినేస్తాయట. ఒక్కటీ పూర్తిగా నిజం కాదు.

"అంతే ఉంటుంది": అమెరికాలోని మిసిసిపీ నది పరీవాహక ప్రాంతపు జాతి ఇది. పిల్ల డిప్ప 3 సెంటీమీటర్లే, కానీ ఆడది 25 సెంటీమీటర్లు దాటుతుంది, 20 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది. మగది చిన్నది, ముందుకాళ్ల గోళ్లు పొడవు. అవి జత కట్టేందుకు పనికొచ్చేవి, పెరిగిపోయాయని కత్తిరించకండి. కంటి వెనక ఎర్ర పట్టీ దీని గుర్తు. ముసలి మగవాటి ఒళ్లు నల్లబడి ఆ పట్టీ కూడా కనబడకుండా పోతుంది.

"గిన్నె చాలు": ఎక్కువ పిల్లలు చచ్చేది ఇక్కడే. ఇవి బురద అడుగు, నాచు ఉన్న నిదానపు నీళ్లలో ఉంటూ, దుంగలెక్కి గంటల తరబడి ఎండ కాచుకుంటాయి. ఆ ఎండలోని అతినీలలోహిత (యూవీబీ) కిరణాలు లేకపోతే విటమిన్ డి తయారవదు, డిప్ప మెత్తబడి వంకర పోతుంది. కిటికీ అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది కాబట్టి గాజు వెనక ఎండ లెక్కలోకి రాదు. డిప్ప ప్రతి అంగుళానికి సుమారు 40 లీటర్ల నీళ్లు, ఫిల్టరు, పూర్తిగా ఆరే మెట్టు, దానిపైన యూవీబీ బల్బు కావాలి. ఎండు రొయ్యలే పెడితే విటమిన్ ఎ తగ్గి కళ్లు వాచి మూసుకుపోతాయి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. రోగం తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయంతోనే అమెరికాలో 1975 నుంచి 4 అంగుళాల లోపు డిప్ప ఉన్నవాటి అమ్మకాన్ని ఆపేశారు.

"గద్దలు తినేస్తాయి": పిల్లల వరకే ఆ మాట కొంత నిజం. అమెరికాలో గుడ్లను రకూన్లు, స్కంకులు అనే చిన్న జంతువులు తవ్వి తింటాయి, పిల్లలను కొంగలు, పెద్ద చేపలు మింగుతాయి, పెద్దవాటికి మొసళ్ల జాతి ఎలిగేటర్లున్నాయి. మన కోనేట్లో అరచేతిని మించిన తాబేలు జోలికి వచ్చేదేముంది? 2018లో గువాహటిలో ఒక గుడి కోనేట్లోనే ఇవి దొరికాయి. ఎండ కాచుకునే చోటు కోసం, తిండి కోసం మన నల్ల తాబేళ్లతో పోటీ పడతాయి, రోగాలూ అంటించగలవు.

పెంచలేకపోతే సదుపాయం ఉన్నవాళ్లకు ఇవ్వండి, లేదా అటవీ శాఖను గానీ జంతు సంరక్షణ కేంద్రాన్ని గానీ అడగండి. అప్పటిదాకా జాలీ మూత ఉన్న టబ్బులో ఉంచండి, ఇవి గోడలెక్కి బయటపడగలవు.