ప్రెస్‌మీట్‌లో కనిపించని ఆ 6 గంటలు

విజయవాడ, గుంటూరు జిల్లా పేజీల్లో తరచూ ఒక ఫొటో వస్తుంటుంది. ముందు మైకులు, మధ్యలో శాలువా కప్పుకున్న రోగి, చుట్టూ తెల్లకోట్లు. పైన ‘మెదడుకు అరుదైన శస్త్రచికిత్స’ అని హెడ్డింగ్. ఆపరేషన్ గొప్పదే, కాదనను. కానీ ఆ రోగి ఎన్ని చేతులు మారి టేబుల్ మీదికి వచ్చాడో వార్తలో ఉండదు. నాకైతే అసలు వార్త అదే.

అలాంటి ఆపరేషన్ దాకా తెచ్చే జబ్బుల్లో ఒకటి మెదడులో అన్యూరిజం, అంటే రక్తనాళం గోడ బలహీనపడి బుడగలా ఉబ్బడం. పగిలేదాకా చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. పగిలితే తలనొప్పి పిడుగు పడ్డట్టు వస్తుంది. వాంతులు, మెడ పట్టేయడం. మన దగ్గర దానికి మొదట పెట్టే పేర్లు గ్యాస్, పైత్యం, మే నెలలో అయితే వడదెబ్బ. ఒక ఇంజెక్షన్ వేయించుకుని పడుకుంటారు. మళ్లీ పగిలే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే ఎక్కువ. నొప్పి మొదలైన 6 గంటల్లోపు తలకు మామూలు సీటీ స్కాన్ తీస్తే రక్తస్రావం దాదాపు ఖాయంగా దొరుకుతుంది. ఆలస్యమైతే కనిపించకపోవచ్చు, అప్పుడు నడుములోంచి నీరు తీసి చూడాలి.

అరుదైన రకాలతో చిక్కు ఇంకా ఎక్కువ. బ్లిస్టర్ అన్యూరిజమే చూడండి. మొత్తం కేసుల్లో ఒక శాతం దాకా ఉంటుందంతే. మెదడుకు రక్తం తీసుకెళ్లే కరోటిడ్ ధమని మీద, కొమ్మ చీలని చోట చిన్న పొక్కులా లేస్తుంది. సరైన గోడ ఉండదు, పలచని పొర, కాస్త రక్తపు గడ్డ. మొదటి యాంజియోగ్రామ్‌లో, అంటే రక్తనాళాల్లోకి మందు పంపి తీసే ఫొటోలో, దొరక్కపోవచ్చు. ‘రిపోర్ట్ నార్మల్’ అనగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. సీటీలో రక్తం ఉండి బుడగ కనిపించలేదంటే కొద్దిరోజులకు యాంజియోగ్రామ్ మళ్లీ తీయాల్సిందే.

దొరికాకా సుఖం లేదు. 1937లో అమెరికన్ సర్జన్ వాల్టర్ డాండీ మొదటిసారి వేసిన, బుడగ మొదట్లో బిగించే క్లిప్ అయినా, 1990ల నాటి, బుడగలో నింపే సన్నని తీగచుట్టలు (కాయిల్స్) అయినా మెడ ఉన్న, అంటే మొదలు సన్నగా ఉన్న బుడగకే బాగా కుదురుతాయి. పొక్కుకి మెడ ఎక్కడిది? క్లిప్ జారుతుంది, గోడ చిరుగుతుంది. అందుకే చుట్టూ పట్టీ చుట్టి క్లిప్ వేయడం, బైపాస్, లేదంటే రక్తాన్ని పొక్కులోకి పోనివ్వకుండా మళ్లించే ఫ్లో డైవర్టర్ స్టెంట్. స్టెంట్ వేస్తే రక్తం గడ్డకట్టనివ్వని మందులు వాడాలి. రక్తం కారిన మెదడుకి ఆ మందులు! ఆ టెన్షన్ సర్జన్‌కే తెలుసు. ఆపరేషన్ తర్వాత కూడా రెండు వారాల దాకా రక్తనాళాలు బిగుసుకుపోయే భయం ఉంటుంది.

వీటిలో చాలావరకు మన చేతుల్లో లేనివి. ఒకటి మాత్రం ఉంది. పల్లెలోని ఆర్‌ఎంపీ గానీ, పీహెచ్‌సీ డాక్టర్ గానీ పెద్దాసుపత్రికి రాసిచ్చే చీటీలో ‘తలనొప్పి, 2 రోజులు’ అని కాకుండా ‘నిన్న రాత్రి 9.20కి, భోంచేస్తుండగా ఒక్కసారిగా’ అని రాయడం.