సవరణ: ప్యూర్టో రికో హోదాపై టాస్క్‌ఫోర్స్ ఏం చెప్పింది?

అమెరికా పాలనలో ఉన్నా రాష్ట్రం కాని భూభాగం, కరీబియన్ ద్వీపం ప్యూర్టో రికో. దానికి రాష్ట్ర హోదా ఇవ్వాలని అమెరికా అధ్యక్షుడి టాస్క్‌ఫోర్స్ సిఫార్సు చేసిందని ముందు పోస్టులో ఉంది. అది సరికాదు. 2000 డిసెంబరులో అప్పటి అధ్యక్షుడు క్లింటన్ ఉత్తర్వుతో ఏర్పడిన ఈ బృందంలో కేబినెట్ సభ్యుల ప్రతినిధులు ఉంటారు. సలహా ఇవ్వడం వరకే దాని పని. అమెరికా రాజ్యాంగం నాలుగో అధికరణం మూడో సెక్షన్ ప్రకారం ఇలాంటి భూభాగాలపై అధికారం ఆ దేశ చట్టసభ అయిన కాంగ్రెస్‌ది.

2005 నివేదిక ఏ హోదానూ ఎంచలేదు, ఓటింగ్ వరుసను మాత్రమే సూచించింది. ముందుగా, భూభాగంగానే ఉండాలా వద్దా అని అడగాలి. వద్దంటే, రాష్ట్ర హోదానా స్వాతంత్ర్యమా అని మరోసారి అడగాలి. 2011 నివేదిక కూడా నిర్ణయాన్ని ద్వీప ప్రజలకే వదిలింది.

2012లో ద్వీపంలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 61 శాతం రాష్ట్ర హోదా కోరారన్న వాక్యాన్నీ సరిచూసుకోవాలి. ఆ రోజు రెండు ప్రశ్నలూ (ఇప్పటి హోదా కావాలా, వద్దంటే ఏ హోదా కావాలి) ఒకే బ్యాలెట్‌పై వచ్చాయి. ఇప్పటి హోదా వద్దన్నవారు 54 శాతం. రెండో ప్రశ్నను సుమారు 5 లక్షల మంది ఖాళీగా వదిలేశారు. వాటిని లెక్కలోంచి తీసేస్తేనే 61 వస్తుంది. కలిపితే 45 శాతం లోపే. ఏ పక్షం చెబుతోందో చూడకుండా ఈ అంకెను ఎత్తి రాయకూడదు.

2017 ఓటింగ్‌లో రాష్ట్ర హోదాకు వచ్చిన 97 శాతానిదీ ఇదే తంతు: ప్రతిపక్షాలు బహిష్కరించడంతో పోలింగ్ 23 శాతమే.