నాయిస్ కొండల్లో నీళ్లెటు పోతాయి?

నిలువునా అడ్డంగా 256 గడులు. ప్రతి గడికీ ఒక ర్యాండమ్ నంబర్ ఇచ్చి, అదే ఎత్తు అనుకొమ్మని కంప్యూటర్‌కి చెబితే తెర మీద భీష్ముడి అంపశయ్య ప్రత్యక్షమవుతుంది. కోడ్‌తో నేల పుట్టిద్దామని కూర్చున్నవాడికి మొదటిరోజు ఎదురయ్యే దృశ్యం ఇదే. నిజమైన నేల మీద ఓ అడుగు పక్కకు వేస్తే ఎత్తు కొంచెమే మారుతుంది. పక్క గడితో పొత్తు లేని అంకెలకు ఆ సంగతి తెలియదు.

ఆ పొత్తు కుదిర్చినవాడు కంప్యూటర్ గ్రాఫిక్స్ నిపుణుడు కెన్ పర్లిన్. 1982లో వచ్చిన 'ట్రాన్' సినిమాకు పనిచేశాక, కంప్యూటర్ బొమ్మల్లోని యంత్రపు నునుపు నచ్చక 1983లో తన నాయిస్ ఫంక్షన్ రాశాడు. అంటే పక్కపక్క చోట్ల మెల్లగా మారే ర్యాండమ్ అంకెలనిచ్చే సూత్రం. 1997లో దానికి అకాడమీ సాంకేతిక పురస్కారం దక్కింది. కిటుకు చిన్నదే. గడుల మూలల్లో ఎత్తులకు బదులు బాణాలు పెట్టాడు. మూల దగ్గర వాలు ఎటో బాణం చెబుతుంది. మధ్యనున్న చోటు నాలుగు మూలల మాటా విని తన ఎత్తు తేల్చుకుంటుంది. అలా కలపడానికి మొదట మూడో ఘాతపు సూత్రం వాడాడు. వెలుగు ఏటవాలుగా పడితే గడుల గీతల వెంబడి ఇస్త్రీ మడతల్లాంటి చారలు తేలేవి. 2002లో ఐదో ఘాతానికి మార్చాక గానీ అవి పోలేదు.

ఒక్క పొర నాయిస్‌తో వచ్చేవి దుప్పటి కింద పిల్లలు పడుకున్నట్టుండే గుట్టలు. దాని మీద రెట్టింపు సన్నటి పొర సగం ఎత్తుతో, ఆపైన మరొకటి, ఇలా ఆరేడు పొరలు (వీటినే ఆక్టేవ్‌లంటారు) వేస్తే గరుకు వస్తుంది. దూరం నుంచి కొండల వరసే. ట్యుటోరియళ్లు చాలావరకు ఇక్కడే చప్పట్లు కొట్టి ముగిస్తాయి. నా పేచీ ఇక్కడే మొదలవుతుంది.

ఆ కొండ మీద ఒక నీటిబొట్టు వదలండి. చుట్టూ ఉన్న 8 గడుల్లో అన్నిటికంటే పల్లంలో ఉన్నదానికి జరుపుతూ పోండి. నా ప్రోగ్రాంలో మొదటి బొట్టు నాలుగడుగులు దిగి గుంటలో ఆగిపోయింది. రెండోది మరో గుంటలో. సముద్రం దాకా చేరిన బొట్టు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. ఎటు చూసినా చెరువులే, ఒక్కదానికీ అలుగు లేదు! కాకతీయుల గొలుసుకట్టు చెరువుల గురించి వింటూ పెరిగినవాడికి ఇది మింగుడుపడదు.

లెక్కలో తప్పేమీ లేదు. నాయిస్ ప్రతి చోటునూ దేనికదిగా లెక్కగడుతుంది. అందుకే అంత వేగం. మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో గేమ్‌లో ఆటగాడు నడిచినకొద్దీ ముందర నేల పుట్టేది ఆ గుణం వల్లే. వాగు అలా పుట్టదు. ఎగువన ఎక్కడో కురిసిన వాన ఇక్కడి లోయ లోతును నిర్ణయిస్తుంది. గండికోట దగ్గర పెన్న ఎర్రమల కొండలను కోసిన తీరును ఆ ఒక్కచోటి అంకెల్లోంచి రాబట్టలేం. తిరుమల శిలాతోరణమైతే హైట్‌మ్యాప్‌లో, అంటే గడికో ఎత్తు రాసుకునే ఇలాంటి పటంలో, అసలే కుదరదు, ఒక చోటుకు ఒకే ఎత్తు కదా. ప్రతి బిందువు దగ్గరా రాయా, గాలా అని అడిగే త్రీడీ నాయిస్ తోరణాలను ఇస్తుంది. దేనికీ ఆనకుండా గాల్లో వేలాడే రాతిగడ్డలనూ ఇస్తుంది.

2016లో వచ్చిన నో మ్యాన్స్ స్కై ఆట దాదాపు లక్షా 84 వేల కోట్ల కోట్ల గ్రహాలుంటాయని చాటుకుంది. 64 బిట్ల సీడ్‌తో, అంటే గ్రహాన్ని పుట్టించే గింజలాంటి మొదటి అంకెతో, వచ్చే లెక్క అది. గింజలు ఎన్నయితేనేం, వంగడం ఒకటే అయితే పండేది ఆ వరే.

నాయిస్ నేల మీద నీటికోత పెట్టే పద్ధతిని కెన్ మస్‌గ్రేవ్, మరో ఇద్దరు 1989లోనే ప్రచురించారు. నీరు వాలులో మట్టి ఎత్తుకుంటుంది, నెమ్మదించిన చోట ఒండ్రు దింపుతుంది. గుంటలు పూడతాయి, లోయలు ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. కానీ దానికి నేలంతా ముందే చేతిలో ఉండాలి. అంతులేని ప్రపంచమనే ప్రచారానికి అది పొసగదు. కాబట్టే ఆటలు దాన్ని దూరం పెడతాయని నా అనుమానం.

ఇప్పుడు నేను తిరగేసి చేస్తున్నాను. ముందు నదిని, ఉపనదులను గీసి, వాటి నుంచి దూరం పెరిగేకొద్దీ నేలను లేపుతున్నాను. నాయిస్‌ను ఆఖర్న, రాళ్ల గరుకు కోసం చిటికెడు చల్లుతున్నాను. బొట్టు సముద్రం చేరుతోంది. చల్లింది కాస్త ఎక్కువైతే మాత్రం నది నడుమ మళ్లీ గుంట పడుతోంది.