ఫోన్ చేయకపోతే ఫ్రెండ్ కానట్టేనా?

వాట్సాప్ స్టేటస్‌లలో ఒక మాట తెగ తిరుగుతోంది: "ఎవరూ బిజీ కాదు, నువ్వు ముఖ్యం కాదంతే. నెలకోసారైనా ఫోన్ చేయనివాళ్లు ఫ్రెండ్సే కాదు. ఊరు మారితే మర్చిపోతారు." మా ఇంటర్ గ్రూపులోనూ ఒకతను పెట్టాడు. చదివి బాధేసింది.

మొదటిది, బిజీ అనేది సాకు అనడం. విశాఖలో నా ఇల్లు గాజువాకలో, ఉద్యోగం ఊరి అటు చివర మధురవాడలో. పగలంతా పదిమందితో మాట్లాడి, ఎన్ఏడీ జంక్షన్ ట్రాఫిక్ దాటుకుని ఇల్లు చేరాక నాలాంటి ఇంట్రోవర్ట్‌కి రాత్రి తొమ్మిదికి టైమ్ ఉన్నా నోట మాట రాదు. డాలస్‌లో ఉన్న నా స్నేహితురాలికి అప్పుడు, ఎండాకాలమైతే, ఉదయం పదిన్నర. తను ఆఫీసు పనిలో ఉంటుంది. ఇందులో ఎవరికి ఎవరు ముఖ్యం కానట్టు?

ఇక నెలకో ఫోన్ లెక్క. మేమిద్దరం ఫోన్లు దాదాపు మానేసి మూడేళ్లయింది. ఆదివారం పొద్దున్నే ఆర్కే బీచ్‌లో నడుస్తూ, అలల హోరుతో సహా, ఓ ఐదు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపుతాను. తను వీలున్నప్పుడు వింటుంది, ఒక్కోసారి పదిరోజులకు బదులిస్తుంది. వెంటనే జవాబు చెప్పాలన్న టెన్షన్ లేదు కాబట్టే వాళ్ల నాన్నగారి ఆపరేషన్ గురించి, తన భయాల గురించి ఆగి ఆగి అంతా చెప్పగలిగింది. ఫోన్లో అయితే "బాగానే ఉన్నారు" అనేసి ఊరుకునేది, నాకు తెలుసు.

దూరమైతే మర్చిపోతారా? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పటికి మేం మాట్లాడుకుని ఎనిమిది నెలలైంది. ఇక్కడ కరెంటు లేదు, ఫోన్లు లేవు. తను హైదరాబాద్‌లోని మా అన్నయ్య నంబరు ఎలాగో సంపాదించి, మా కబురు తెలిసేదాకా రోజూ ఆయనకి ఫోన్ చేసిందట.

అలాగని పలకరింపే అక్కర్లేదని నేననను. అది పూర్తిగా ఆగిపోతే దగ్గరితనం తగ్గుతుందని స్నేహాలపై పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ పరిశోధనలూ చెబుతున్నాయి. కానీ ఇన్నాళ్ల తర్వాత ఏం మొహం పెట్టుకుని మెసేజ్ చేయాలి అని మనం అక్కడే ఆగిపోతాం. అమెరికా పరిశోధకురాలు పెగ్గీ లియూ బృందం 2022లో ప్రచురించిన అధ్యయనంలో, అలాంటి పలకరింపుకి అవతలివాళ్లు ఎంత సంతోషిస్తారో మనం తక్కువగా ఊహించుకుంటామనే తేలింది.

ఆ స్టేటస్ పెట్టినతను కూడా ఎవరి ఫోన్ కోసమో ఎదురుచూసి విసిగిపోయాడేమో. ఆరేళ్ల తర్వాత ఇవాళ అతనికి ఓ వాయిస్ మెసేజ్ పంపాను, నిదానంగా వినమని.