విడి టికెట్లు కొన్నారు సరే, మధ్యలో వీసా సంగతో?

రెండు వేర్వేరు టికెట్లు కొని మధ్యలో విమానం మారేవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "నేను ఎయిర్‌పోర్టు దాటి బయటికే వెళ్లను కదా, నాకెందుకు వీసా?" న్యాయమైన ప్రశ్నే. కానీ మీరు బయటికి వెళ్తారా లేదా అన్నది చాలాసార్లు తేల్చేది మీరు కాదు, మీ సూట్‌కేసు. ఒకే టికెట్ అయితే అది మామూలుగా చివరిదాకా తనే వెళ్తుంది. విడి టికెట్లయితే చాలా ఎయిర్‌లైన్లు మధ్యలోనే దింపేస్తాయి, ఆ బెల్టేమో ఇమిగ్రేషన్‌కి అవతల ఉంటుంది. బ్యాగు కోసం అటు వెళ్లాలంటే ఆ దేశంలోకి అడుగుపెట్టాల్సిందే.

చేతిబ్యాగు ఒక్కటే ఉంటే గండం గడిచినట్టేనా? ఒక్కోసారి అంతే. కానీ రెండో ఎయిర్‌లైన్ తన చెక్-ఇన్ కౌంటర్‌కి వచ్చి పాస్‌పోర్టు చూపించాలని అంటే, ఆ కౌంటర్ కూడా చాలాసార్లు అవతలే ఉంటుంది.

అసలు చిక్కు మాత్రం ప్రయాణం మొదలయ్యే చోటే వస్తుంది. మొదటి ఎయిర్‌లైన్ బుకింగ్‌లో మీ రెండో టికెట్ ఉండదు, వాళ్ల లెక్కలో మీ గమ్యం ఆ మధ్య దేశమే. చెక్-ఇన్ సిబ్బంది టిమాటిక్ అనే డేటాబేస్‌లో రూల్స్ చూస్తారు. పత్రాలు సరిగా లేని మనిషిని తీసుకొస్తే జరిమానా ఎయిర్‌లైన్‌కే పడుతుంది. యూరోపియన్ యూనియన్ 2001 నాటి ఆదేశం సభ్య దేశాలకి ఇచ్చిన పద్ధతుల్లో ఒకదాని ప్రకారం అది మనిషికి కనీసం 3,000 యూరోలు, బ్రిటన్‌లో 2,000 పౌండ్లు. అందుకే అనుమానం వస్తే ఎక్కించరు, అక్కడ నిలబడి వాదించి లాభం లేదు. పత్రాలు నిజంగానే చాలకపోతే, విమానం ఎక్కించనందుకు యూరప్ 261/2004 నిబంధన కింద ప్రయాణికులకి ఇచ్చే పరిహారం కూడా రాదు.

ఒకే టికెట్ ఉంటే అంతా సాఫీ అని కాదు లెండి. అమెరికాలో ఇమిగ్రేషన్ దాటకుండా విమానం మారే ఏర్పాటే లేదు, వీసా మినహాయింపు లేనివాళ్లకి సీ-1 (దారిలో ఆగి వెళ్లడానికిచ్చే ట్రాన్సిట్ వీసా) లాంటి వీసా కావాలి. షెంగెన్‌లో (తమ మధ్య సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాల కూటమి) దిగి అక్కడే ఇంకో షెంగెన్ నగరం మీదుగా బయటికి వెళ్తే మొదటి ఎయిర్‌పోర్టులోనే ప్రవేశించినట్టు లెక్క. కొన్ని దేశాల పాస్‌పోర్టులకి షెంగెన్‌లో ట్రాన్సిట్ ఏరియాలో కూర్చోవడానికి కూడా ఎయిర్‌పోర్ట్ ట్రాన్సిట్ వీసా అడుగుతారు.

నా కోపమంతా "సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్" పేరుతో రెండు టికెట్లని అతికించి అమ్మే సైట్ల మీద. చౌక ధర పెద్దక్షరాల్లో, "వీసా బాధ్యత మీదే" అన్నది చిన్నక్షరాల్లో. ప్రయాణికుడి పాస్‌పోర్టు ఏ దేశానిదో డబ్బు కట్టే ముందే అడిగి, ఈ దారికి ప్రవేశ వీసా అవసరమని తెర మీద చూపించడం వాళ్లకి పెద్ద పనేం కాదు, ఎయిర్‌లైన్లు చూసే సమాచారం వాళ్లూ కొనుక్కోవచ్చు. చూపిస్తే ఆ దారిలో సగం టికెట్లు అమ్ముడుపోవేమో మరి!

ఈలోగా టికెట్ కొనే ముందే మొదటి ఎయిర్‌లైన్‌ని అడగండి: విడి టికెట్ల మీద బ్యాగుకి చివరిదాకా ట్యాగ్ వేస్తారా? జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. వేయలేం అంటే ఆ మధ్య దేశపు ప్రవేశ వీసా ఖర్చు, దానికి పట్టే రోజులు కూడా టికెట్ ధరలో కలిపి చూసుకోండి.