గేమింగ్ పత్రికల భవిష్యత్తు: పాఠకుణ్ణి ఏమని అడగాలి?

తిరుపతి బైరాగిపట్టెడలో ఒక మిత్రుడి మిద్దె మీద ఆదివారం సాయంత్రాలు మేము కొందరం బోర్డు గేములు ఆడుకుంటాం. మాలో ఇంజనీరింగ్ విద్యార్థులున్నారు, ఒక బ్యాంకు ఉద్యోగి ఉన్నాడు, రిటైరైన లెక్కల మాస్టారు ఒకరున్నారు. ఈమధ్య ఒకనాడు ఆట మొదలుపెట్టే ముందు, హాబీ గేమింగ్ మీద వచ్చే అచ్చు పత్రికలు ఇకముందూ ఉండాలా అని అందరినీ అడిగాను. ఉండాలనే అన్నారు, ఒక్కరూ కాదనలేదు. ఆఖరిసారి ఎప్పుడు కొన్నారని అడిగేసరికి తలా ఒక దిక్కు చూశారు. చివరికి ఒక కుర్రాడే నోరు విప్పాడు: ‘కొనేదేముండాదన్నా, అంతా ఫోన్లోనే చూస్తా ఉండాం గదా. పుస్తకమైతే మాత్రం ఉండాల.’

ఆ జవాబులో అబద్ధమేమీ లేదు. ఊళ్ళో గ్రంథాలయం ఉండాలా అంటే ఉండాలనే అంటాం, సభ్యత్వం కట్టడానికి మాత్రం ఏళ్ళ తరబడి తీరిక దొరకదు. పత్రికల భవిష్యత్తు మీద పాఠకుల అభిప్రాయం సేకరించేవారు సాధారణంగా ఈ ‘ఉండాలి’ని లెక్కపెట్టుకుని సంబరపడతారు. పత్రికపై గౌరవానికీ పత్రిక వాడకానికీ మధ్య ఉన్న దూరాన్ని ఆ లెక్క చూపదు.

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. ఇక్కడ హాబీ గేమింగ్ అంటే బోర్డు గేములు, పాత్రలు ధరించి కథ నడిపే ఆటలు, పటాల మీద ఆడే యుద్ధక్రీడలు, వాటికి తోడు వీడియో గేములు. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టం జూదాన్ని అరికట్టడానికి చేసినది, ఆన్‌లైన్ పందేలను కూడా 2020లో దాని పరిధిలోకి తెచ్చారు. కనుక సర్వే ప్రశ్నపత్రంలో ‘గేమింగ్ పత్రిక’ అని చూసిన చిత్తూరు తండ్రి ఎవరైనా రమ్మీ యాప్ గురించే అడుగుతున్నారనుకుంటే తప్పు ఆయనది కాదు. (మూడు పులులు, పదిహేను మేకలతో ఆడే మన పులిజూదానికి పేరులోనే జూదం ఉందిగానీ, ఆడటానికి పందెం అక్కర్లేదు.)

ఈ రంగంలో పాఠకుల అభిప్రాయాన్ని పద్ధతిగా కొలిచిన పత్రిక ఒకటుంది. 1967లో మొదలైన అమెరికన్ పత్రిక ‘స్ట్రాటజీ అండ్ టాక్టిక్స్’ 1969లో జిమ్ డన్నిగన్ చేతికి వచ్చాక, సంచికతోపాటు ఒక పూర్తి యుద్ధక్రీడను ఇవ్వడం మొదలుపెట్టింది. ఆరు కోణాల గడులు గీసిన కాగితపు పటం, అట్టనుంచి విడదీసుకునే చిన్న చిన్న బిళ్ళలు, నియమాల పుస్తకం అందులో ఉండేవి. దీన్ని ప్రచురించిన డన్నిగన్ సంస్థ ఎస్‌పీఐ, ఈ పత్రిక పాఠకులకు ఒక కార్డు కూడా ఇచ్చేది. పత్రికలో వరుస సంఖ్యలతో అచ్చయిన ప్రశ్నలకు పాఠకుడు ఆ కార్డు మీద ఒకటినుంచి తొమ్మిది వరకు అంకెలు వేసి పంపాలి, అభిప్రాయం లేకపోతే సున్నా వేయాలి. ఈ వ్యాసం ఎలా ఉంది, ఈ ఆట ఎలా ఉంది అని అడగడంతో ఆగకుండా, తయారు చేయాలనుకుంటున్న ఆటల గురించి కొద్ది వాక్యాల్లో వివరించి, వాటిలో దేనిపై ఎంత ఆసక్తి ఉందో కూడా అడిగేవారు. తర్వాత ఏ ఆటలు అచ్చుకు వెళ్ళాలో తేల్చడంలో ఆ అంకెలకు చోటుండేది. చెన్నైలో పాత పుస్తకాల దుకాణంలో కొన్న ఒక సంచిక నా దగ్గర ఉంది. అందులో బిళ్ళలు విడదీయలేదు, కార్డు కూడా పంపలేదు. దాని మొదటి యజమాని డబ్బు పెట్టి కొన్నాడు, ఆడలేదు, అభిప్రాయం చెప్పలేదు. అతణ్ణి ఏ సర్వే కూడా లెక్కలోకి తీసుకుని ఉండదు. నిజానికి పత్రిక తెలుసుకోవలసినది అతని సంగతే.

ఇంత శ్రద్ధగా అడిగిన సంస్థ కూడా నిలవలేదు. ఎస్‌పీఐ అప్పుల్లో చిక్కుకుంది, 1982లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటను ప్రచురించే టీఎస్ఆర్ సంస్థ దాని ఆస్తులను తన చేతిలోకి తీసుకుంది. ముందే చందా కట్టినవారికి, జీవిత చందాదారులతో సహా, పత్రిక పంపే బాధ్యత తనది కాదంది. పాఠకుల మనసు తెలిసినంత మాత్రాన పత్రిక బతకదనీ, తెలిసి కూడా వారిని దూరం చేసుకోవడం సాధ్యమేననీ ఈ ఒక్క ఉదంతంలోనే కనిపిస్తుంది.

అచ్చు ఆపి తెరమీదకు మారితే సరిపోతుందన్న వాదన కూడా అనుభవంలో నిలబడలేదు. పాత్రలు ధరించి ఆడే ఆటల కోసం 1976లో పుట్టిన ‘డ్రాగన్’ పత్రిక, దాని తోబుట్టువు ‘డంజన్’ 2007 సెప్టెంబరుతో అచ్చు మానేసి ఆన్‌లైన్‌కు వెళ్ళాయి, 2013 చివరికి అక్కడా ఆగిపోయాయి. 2007దాకా వాటిని అచ్చువేసిన పైజో సంస్థ ఆ ఏడాదే ‘పాత్‌ఫైండర్’ పేరుతో నెలనెలా ఒక సాహసగాథను పుస్తకంగా తేవడం మొదలుపెట్టి నిలదొక్కుకుంది. బ్రిటన్‌లో 1977లో మొదలైన ‘వైట్ డ్వార్ఫ్’ 2014లో వారపత్రికగా మారి, 2016లో మళ్ళీ మాసపత్రికై, ఇప్పటికీ వస్తోంది. ఆ పత్రిక వెనుక బొమ్మల సైన్యాలను అమ్మే సంస్థ ఉండటం దానికి పెద్ద అండ. ఇక వీడియో గేముల పత్రిక ‘గేమ్ ఇన్ఫార్మర్’ను 2024 ఆగస్టులో మూసేసినప్పుడు దాని వెబ్‌సైటు కూడా వెంటనే మాయమైంది. మరుసటి ఏడాది కొత్త యాజమాన్యం కింద పత్రిక తిరిగి వచ్చింది కానీ, ఆ మధ్యకాలంలో పాత వ్యాసాలు చదవదలచినవారికి 1991నుంచి ఇంట్లో పేర్చుకున్న సంచికలే గతి అయ్యాయి. ‘అంతా ఫోన్లోనే’ అన్న మా కుర్రాడికి ఈ సంగతి చెబితే కాసేపు ఆలోచనలో పడ్డాడు.

జవాబు చెప్పడానికి పాఠకుడు ఎంత ఖర్చు పెట్టాడన్నది కూడా చూడాలి. చందమామలో ఫొటో వ్యాఖ్యల పోటీకి రాసేవారు అచ్చయిన రెండు బొమ్మలను పరిశీలనగా చూసి, రెండింటికీ పొసిగే మాటలు ఆలోచించి, కార్డు కొని, పోస్టు డబ్బాదాకా నడిచేవారు. ఆ కార్డు ఒక్కటి వందమంది ‘బాగుంది’ కంటే ఎక్కువ చెప్పేది. పోటీలకు కార్డులు వెల్లువెత్తుతుంటే తపాలాశాఖ వాటికోసం ఎక్కువ వెలకు పోటీ పోస్టుకార్డును విడిగా తెచ్చింది, మామూలు కార్డు మాత్రం చవకగానే మిగిలింది. ఇప్పుడు ఫోన్ మీద వేలు ఆనిస్తే అభిప్రాయం నమోదైపోతుంది. ఖర్చులేని జవాబుకు విలువ లేదని అనను కానీ, దాన్ని నమ్ముకుని ప్రెస్సుకు ఆర్డరిచ్చేవాడు సాహసి.

తిరుపతిలో మరో చిక్కుంది. రైల్వేస్టేషన్ దగ్గర, బస్టాండులో అమ్ముడయ్యే పత్రికల్లో చాలావరకు దర్శనానికి వచ్చి వెళ్ళేవారు కొనేవే. అమ్మకం జరిగిన ఊరును బట్టి పాఠకులను లెక్కగడితే కొర్లగుంట కుర్రాళ్ళ ఖాతాలో నాందేడ్ భక్తుడు చేరిపోతాడు. ఏజెంటు దగ్గర మిగిలిపోయి వెనక్కి వెళ్ళే సంచికల కట్టను లెక్కపెట్టడం కొంత నయం, అందులో ఎవరి మొగమాటమూ ఉండదు. పైగా ప్రశ్నలు ఇంగ్లిషులోనే అడిగితే ఇంగ్లిషు పత్రికల పాఠకులే జవాబిస్తారు. తెలుగులో నియమాలు చదివి ఆడగలిగేవారు ఎందరన్నది బయటికే రాదు. తెలుగులో ‘కంప్యూటర్ ఎరా’ లాంటి పత్రిక చదివి కంప్యూటర్ పట్టుబడ్డవారున్నప్పుడు, ఆటల విషయంలో మాత్రం తెలుగు పనికిరాదని ముందే తీర్మానించుకోవడం తొందరపాటు.

నా అంచనా ఇది: కొత్త ఆటల వార్తలు, సమీక్షలతో నెలనెలా వచ్చే పత్రికకు మనదగ్గర రోజులు అయిపోయాయి, ఆ పని వీడియోలు అంతకంటే త్వరగా చేస్తున్నాయి. విప్పి బల్లమీద పరిచి ఆడుకోదగినది లోపల ఉంటే మూడు నెలలకొక సంచికకు చోటుంది. అయితే 2024లో రద్దయిన 1898 నాటి పోస్టాఫీసు చట్టం తపాలా రాయితీని 31 రోజులకు మించని వ్యవధిలో వెలువడే పత్రికలకే వర్తింపజేసింది. త్రైమాసికాన్ని ఆ లెక్కలో చూస్తే పంపే ఖర్చు వెలమీదే పడుతుంది. అందుకే పాఠకుణ్ణి ‘త్రైమాసికం కావాలా’ అని అడగడం కాదు, పంపే ఖర్చుతో సహా వెల ఇంత అని చెప్పి, మొదటి సంచిక డబ్బు ఇప్పుడే కడతారా అని అడగాలి. వద్దన్నవారిని వదిలేయకుండా, వారు చివరగా చదివిన సంచిక ఏది, ఆ తర్వాత ఎందుకు మానేశారు అని కూడా అడగాలి.

తర్వాతి ఆదివారం మిద్దె మీద ప్రశ్న మార్చి అడిగాను: ‘ఏదైనా పత్రికలో చూసి మీరు నిజంగా ఆడిన ఆట ఉందా?’ ఈసారి చాలామంది లేదన్నారు. లెక్కల మాస్టారు మాత్రం సంచిలోనుంచి ఒక ఫైలు తీశారు. ఎప్పుడో ఒక పత్రికలో వచ్చిన ఆట పటాన్ని జిరాక్సు తీయించి అట్టకు అంటించారు, నియమాలను నోటుబుక్కు కాగితాల మీద తెలుగులోకి రాసుకున్నారు. మనవడు చదవడానికి వీలుగా అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి, మూడో పేజీలో ఒక నియమాన్ని కొట్టేసి ఎర్ర సిరాతో తమ ఇంటి నియమం రాసి ఉంది.