ఇరిడియం ప్లగ్గు గారికి బహిరంగ లేఖ

ఇంజిన్‌లో రవ్వ పుట్టించి పెట్రోల్ అంటించే స్పార్క్ ప్లగ్గుల్లో ఖరీదైన రకం, అయ్యా ఇరిడియం ప్లగ్గు గారూ,

తమరు గొప్పోళ్ళే, కాదన్నోడెవడు. రవ్వ దూకే మీ కొస కొన్ని మోడల్స్‌లో 0.4 మిల్లీమీటర్లే, మామూలు నికెల్ ప్లగ్గుది రెండున్నర. సన్నగా ఉంటారు కాబట్టి తక్కువ వోల్టేజీకే రవ్వ దూకుతుంది. నికెల్ 1,455 డిగ్రీలకే కరిగితే మీరు 2,446 దాకా కరగరు. అన్నీ ఒప్పుకున్నాం. కానీ మిమ్మల్ని బిగించగానే పికప్ అదిరిపోద్ది, మైలేజీ పెరిగిపోద్ది అని ఊరంతా డప్పు కొడుతున్న మీ బావమరుదులెవరండీ? ఇంజిన్ బాగుండి, కొత్త నికెల్ ప్లగ్గు కరెక్ట్ గ్యాప్‌తో (రవ్వ దూకే సందు) ఉంటే రవ్వ రవ్వే కదా, పెట్రోల్ అంటుకున్నాక దాన్ని ఎవరు అంటించారని పిస్టన్ కులగోత్రాలు అడగదు.

మీ గొప్పంతా ఆయుష్షులోనే ఉంది. మామూలుది ఇరవై నలభై వేల కిలోమీటర్లకి అంచులు అరిగి గుండ్రంగా తయారైతే మీరూ ప్లాటినం గారూ దగ్గర దగ్గర లక్ష లాగుతారు. ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పితే గానీ వెనక ప్లగ్గులు కనపడని వి6 (ఆరు సిలిండర్ల) ఇంజిన్లకి మీరు దేవుడే. మరి ప్లగ్గు మీదుండే కాయిల్ పీకితే ప్లగ్గు చేతికందే చిన్నకారు, అదీ ఆదివారం గుడికి తప్ప బయటికి రానిది, దానికి మీరెందుకు సార్? ఇంకోటి, షాపులో కాపర్ అని చులకనగా ఇచ్చేదాని కొస నికెలే, రాగి ఉండేది లోపల, మీ లోపలా అదే రాగి.

అసలు అడగాల్సింది హీట్ రేంజ్, అంటే ప్లగ్గు తన వేడిని ఎంత త్వరగా వదిలించుకుంటుందనేది, అదొక్కటీ ఎవడూ అడగడు. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గుల్లో హీట్ రేంజ్ నంబరు పెరిగితే ప్లగ్గు చల్లది, బాష్ కంపెనీవాటిలో పెరిగితే వేడిది, ఇది తెలీకుండా "థ్రెడ్ సేమే సార్, పడుద్ది" అని చేతిలో పెడతారు. చల్లది ఎక్కువైతే కార్బన్ పట్టి మిస్సింగ్, వేడిది ఎక్కువైతే రవ్వ కంటే ముందే పెట్రోల్ అంటుకుని పిస్టన్‌కే ఎసరు. మాన్యువల్ మాత్రం డాష్‌బోర్డులో కవర్ కూడా చింపకుండా నిద్రపోతుంటుంది.

పాపం షెడ్డులో మీ బాధ చూడలేం. పాత అలవాటున ఎమ్రీ పేపర్‌తో రుద్ది, గ్యాప్ కొలిచే బిళ్ళ లాంటి గేజ్ మధ్యలో దూర్చి మెలితిప్పితే ఆ సన్న కొస పుటుక్కుమంటుంది. "కంపెనీ పీసే డొల్ల సార్" అనేది తర్వాతి డైలాగు.

ఈసారి కౌంటర్ దగ్గర ఎవడైనా పికప్ కోసం మిమ్మల్ని అడిగితే డబ్బాలోంచి తల బయటపెట్టి, ముందు ఆ ఎయిర్ ఫిల్టర్ మార్చుకోరా నాయనా అనండి.

ఇట్లు,
మూడు సిలిండర్ల బండి ఓనరు, కొంటే మూడే కొంటాడు